నీళ్లు తాగే కారు

మార్చి 3, సోమవారం

మళ్లీ అరగంట లేటు. ఇవాళ్టి సాకు రోడ్డు పని. శనివారం రైలు గేటు. శుక్రవారం గొర్రెల మంద. ఈ ఊళ్లో గొర్రెలు కూడా మా బామ్మర్ది వచ్చే వేళ కనుక్కుని మరీ రోడ్డు దాటుతున్నట్టున్నాయి.

నాకు వాడి మీద అనుమానమేమీ లేదు. ఉన్నమాట రాసిపెట్టుకుంటున్నాను, అంతే.

పొద్దున అయిదున్నర నుంచి పన్నెండు దాకా కారు నాది, పన్నెండు నుంచి ఆరు దాకా వాడిది. ఆరింటికి మా షెడ్డులో పెట్టి, తాళం వాళ్లక్క చేతికిచ్చి, ఆవిడ ఇచ్చిన టీ తాగి వెళ్లాలి. రెండేళ్లు ఆరంటే ఆరే. మా ఆవిడ వాణ్ణి చూసి గోడ గడియారం సరిచేసుకునేది. జనవరి చివర్నుంచీ ఆరున్నర అవుతోంది. అడిగితే గొర్రెలు.

బండి నిండుగా అప్పగించాలన్నది మా మామగారు పెట్టిన పద్ధతి. ఆయన లారీ తోలేవాడు. చేతులు మారే బండిలో డీజిలు, నీళ్లు, గాలి మూడూ నిండుగా ఉండాలి. ఎంత పోశావని తీసుకునేవాడు అడగకూడదు, ఇంత పోశానని ఇచ్చేవాడు చెప్పకూడదు. చెప్పుకుంటే అది సాయం కాదు, చాటింపు అనేవాడు. ఆయన పోయి ఆరేళ్లయినా కొడుకూ అల్లుడూ ఆ మాట దాటలేదు. ఇవాళ కూడా పన్నెండింటికి ఆసుపత్రి ఆవరణలో అప్పగించే ముందు రేడియేటర్లో ఓ సీసాడు నీళ్లు పోశాను. ఎండ ముదురుతోంది కదా. మనుషులే తాగుతున్నారు, బండి తాగదా.

మార్చి 4

ఆరూ ముప్పై రెండు. ఇవాళ సాకు చెప్పలేదు. చెప్పకపోవడం ఇంకా అనుమానంగా ఉంది.

అనుమానం అని కాదు.

మార్చి 5, బుధవారం

టీచరమ్మగారిని ఆరున్నరకి ఆసుపత్రిలో దింపాను. సోమ, బుధ, శుక్రవారాలు ఆవిడ రక్తాన్ని మిషను కడుగుతుంది, నాలుగేసి గంటలు. పొద్దున తీసుకెళ్లడం నా పని, మధ్యాహ్నం ఇంటికి చేర్చడం మా వాడి పని. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. సుద్దముక్క చేతిలోంచి పోయింది గానీ గొంతులో అలాగే ఉంది.

"ఏమయ్యా, నీ కారు రోజుకి ఎన్ని నీళ్లు తాగుతుంది?" అని అడిగింది వెనక సీట్లోంచి.

"మామూలేనమ్మా. ఎందుకు?"

"ఏం లేదు. నాకు డాక్టరు రోజుకి లీటరు దాటొద్దన్నాడు. గ్లాసుతో కొలుచుకు తాగుతున్నా. నా కంటే నీ కారు జన్మే నయం."

నవ్వాను. తర్వాత నవ్వు ఎక్కడో అడ్డం పడింది. ఈవిడకెలా తెలుసు? మిషను గది కిటికీ ఆసుపత్రి ఆవరణ వైపుంటుంది. నేను బండి పెట్టేది సరిగ్గా ఆ కిటికీ ఎదురుగా, చెట్టు నీడన. శుక్రవారం నుంచి గోడ పక్కన పెడతాను. ఎండ తగిలితే తగిలింది.

నీళ్లు పోయడం తప్పేమీ కాదు. అయినా గోడ పక్కనే పెడతాను.

మార్చి 6

రెండు సీసాలు.

మార్చి 7, శుక్రవారం

కూర్చుని ఆలోచించాను. ఊళ్లో బడిలో అయిదో తరగతి దాకానే చదివినా కూడికలు, తీసివేతలు వచ్చు.

పొద్దున షెడ్డులో మూత తీసి చూస్తే నీళ్లు అంచుదాకా ఉంటున్నాయి. పన్నెండింటికి చూస్తే రెండు సీసాలు తక్కువ. కింద నేల మీద చుక్క తడి లేదు. అంటే వాడి వంతులో తగ్గడం లేదు, నా వంతులోనే తగ్గుతోంది. వాడి చేతిలో బంగారంలా ఉండే బండి నా చేతిలోకి రాగానే ఎందుకు మొరాయిస్తుంది? రాత్రంతా షెడ్డుకి తాళం. మిగిలింది సాయంత్రం ఆ అరగంట. ఆ అరగంటలో వాడు దానికి ఏదో చేస్తున్నాడు.

ఎందుకు చేస్తాడు? బావకి చేతకావట్లేదు, పెద్దవాడైపోయాడు, విశ్రాంతి తీసుకోమందాం అని వాళ్లక్కకి చెప్పడానికి. అప్పుడు రోజంతా కారు వాడిదే. నాకు యాభై ఆరు. విశ్రాంతి అనే మాట వింటేనే కాళ్లు నొప్పులు పుడతాయి.

మీటరు కూడా చూశాను. టీచరమ్మగారి ఇల్లు, స్టాండు, మధ్యలో కిరాయిలు, మళ్లీ మా ఇల్లు, అన్నీ కలిపితే సరిగ్గా సరిపోయింది. అయిదు కిలోమీటర్లు తేడా వస్తే ఎక్కడికో చాటుగా వెళ్తున్నాడనుకుందును. ఒక్కటి కూడా తేడా రాలేదంటే ఇది మామూలు వ్యవహారం కాదు.

డ్రైవరు సీటు కింద తడిగుడ్డ ఒకటి, ఖాళీ సీసాలు రెండు దొరికాయి. అవి నావి కావు. నావి డిక్కీలో దాస్తాను.

మార్చి 10, సోమవారం

"మీ తమ్ముడు సాయంత్రాలు ఎటు వెళ్తున్నాడంటావ్?" అన్నాను భోజనాల దగ్గర, పేపర్లో వార్తేదో అడిగినట్టు.

మా ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "ఎందుకండీ?"

"ఊరికే."

"మీరు ఊరికే ఏదీ అడగరు. మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు ఊరికే అంటూనే మా నాన్న లారీ టైర్లు ఎప్పుడు మార్చారో కూడా కనుక్కున్నారు."

"టైర్లు బాగున్నాయి కాబట్టే ఈ సంబంధం కుదిరింది."

ఆవిడ నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టేసి ఎదురుగా కూర్చుంది.

"వాడు డిపోలో పదకొండేళ్లు బస్సు తోలాడు. ఎవడో డీజిలు కాజేస్తే వీడి మీద పెట్టారు. ఆర్నెల్లకి అసలు దొంగ దొరికాడు. వచ్చి పనిలో చేరమని మనిషిని పంపారు. వీడు మళ్లీ ఆ గేటు తొక్కాడా? మన దగ్గరికొచ్చిన రోజు ఏమన్నాడో గుర్తుందా మీకు?"

గుర్తుంది. "బావా, నన్ను తిట్టు, నాలుగు తన్ను. నన్ను అనుమానించావని తెలిస్తే మాత్రం ఈ ఊళ్లో ఉండను" అన్నాడు. "నిన్ను తిట్టుకోడానికే నాకు రోజు చాలదు, ఇంక అనుమానానికి టైమెక్కడిదిరా" అన్నాను. ఆ రోజు అందరం నవ్వుకున్నాం.

"నాకు మిగిలింది వాడొక్కడే" అంది మా ఆవిడ.

"నాకెవరి మీదా అనుమానం లేదు" అన్నాను. నిజమే. అందరి మీదా లేదు. ఒక్కడి మీదే.

మార్చి 11

మెకానిక్ దగ్గరికి వెళ్లాను, కారు లేకుండా. ఆయన్ని అందరూ నిదానం అంటారు. ఒక నట్టు విప్పి, దాని గురించి కాసేపు ఆలోచించి, తర్వాత రెండోది విప్పుతాడు.

"ఒక బండి వేడెక్కుతోందనుకో, ఏం చెయ్యాలి?" అన్నాను.

నిదానం చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడిగా తుడుచుకున్నాడు.

"ముందు కంగారు కట్టెయ్యాలి. తర్వాత ఏసీ కట్టెయ్యాలి. అద్దాలు దించి హీటరు పెట్టాలి, ఎండాకాలమైనా సరే. ఇంజిను వేడి కొంత లోపలికి లాగుతుంది. పక్కకి తీసి ఇంజిను ఆపాలి. ఆపి అరగంట కూర్చోవాలి. అసలు పనంతా ఆ కూర్చోవడమే, అదెవడికీ చేతకాదు. రేడియేటరు మూత వేడిగా ఉంటే ముట్టుకోకూడదు. చల్లారాక గుడ్డ వేసి కొంచెం తిప్పి, ఆవిరి పోయాక తియ్యాలి. వేడి ఇంజినులో గబుక్కున చన్నీళ్లు గుమ్మరించకూడదు, ఇంజిను పైనుండే హెడ్డు వంగిపోతుంది. ఇంకోటి, రోజూ నీళ్లు తగ్గుతుంటే పోసుకుంటూ కూర్చోకూడదు. నా దగ్గరికి తేవాలి. ఎవరిదా బండి?"

"తెలిసినాయనది."

"నాలుగు రోజుల క్రితం మీ బామ్మర్ది వచ్చి ఇదే అడిగాడు. అదీ తెలిసినాయన బండేనట. మీ ఇద్దరికీ తెలిసిన ఆ పెద్దమనిషెవరో గానీ, ఆలస్యం చెయ్యకుండా రమ్మనండి."

వాడెందుకు అడిగాడు? బండి ఎలా పాడవుతుందో తెలుసుకోడానికి. ఇంకెందుకు అడుగుతాడు.

చన్నీళ్లు, హెడ్డు అన్నప్పుడు వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. కొండ సంగతి ఇక్కడ రాయను.

మార్చి 12, బుధవారం

ఇలా కాదు. పరీక్ష పెడతాను. శుక్రవారం అప్పగించే ముందు నీళ్లు పోయను. ఖాళీగా ఇస్తాను. బండికి వాడు ఏం చేస్తున్నాడో వాడికే తెలుసు కదా, వేడి చూపించే ముల్లు లేస్తే వాడి ముఖంలో కనపడుతుంది. నిజమైన వాడైతే "బావా, నీళ్లు తగ్గాయేంటి" అని అడుగుతాడు. దొంగైతే నోరు మెదపడు.

మార్చి 13

మామగారు కల్లోకి రాలేదు. వస్తారేమోనని చూశాను.

మార్చి 14, శుక్రవారం

చెయ్యి కాలింది. ఎడమది. రేపు రాస్తాను.

మార్చి 15, శనివారం

మరిచిపోయాను అని రాద్దామని కూర్చున్నాను. ఇది చదివేది నేనొక్కణ్ణే. మరిచిపోలేదు. పన్నెండింటికి మూత తీసి చూశాను. మామూలు కంటే బాగా తక్కువ. సీసాలు డిక్కీలో నిండుగా ఉన్నాయి. మూత పెట్టేశాను. మా వాడు బస్సు దిగి వచ్చాడు. తాళం ఇచ్చాను.

"అంతా బానే ఉందా బావా?"

"ఎందుకుండదు?"

వాడు బానెట్టు ఎత్తి చూడలేదు. ఎందుకు చూస్తాడు? ఇచ్చినవాడి ఎదుట మా ఇద్దరిలో ఇంతవరకు ఎవరూ చూడలేదు, బండి నిండుగా ఇస్తారని నమ్మకం. టీచరమ్మగారిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి వెనక కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాడు. మిషను మీద నుంచి లేచిన రోజు ఆవిడ మనిషి సగమే ఉంటుంది.

పన్నెండున్నరకి ఫోను. "బావా, పెద్ద వంతెన దిగాక బస్సు షెల్టరు దగ్గరున్నాం. బండి వేడెక్కింది. అమ్మగారు బానే ఉన్నారు. వేరే టాక్సీకి చెప్పాను, గంట పడుతుందట." గొంతులో కంగారు లేదు. అదీ నాకు నచ్చలేదు.

స్టాండులో ఒకాయన మోటారు సైకిలు మీద దింపాడు. టీచరమ్మగారు షెల్టరులో సిమెంటు బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చుంది, అంత ఎండలో. పక్క కొట్టువాళ్లెవరో గ్లాసుతో నీళ్లిచ్చినట్టున్నారు. తాగకుండా రెండు చేతులా పట్టుకునుంది.

"తాగండమ్మా" అన్నాను.

"ఇవాళ్టి నా లీటరు అయిపోయింది నాయనా. చల్లగా ఉందని పట్టుకున్నా."

ఆవిడే చెప్పింది, ముల్లు ఎర్రగీత దాటగానే మా వాడు ఏసీ కట్టేసి అద్దాలు దించి హీటరు పెట్టాడట. నన్ను ఉడకబెడతావా నాయనా అంటే, రెండే నిమిషాలమ్మా, నీడ దొరికేదాకా అన్నాడట. పక్కకి తీసి, ఇంజిను ఆపి, ఆవిణ్ణి దింపి కూర్చోబెట్టి, బానెట్టు గొళ్లెం తీసి వదిలేశాడు. రేడియేటరు మూత జోలికి పోలేదు. నిదానం చెప్పింది చెప్పినట్టు.

నేను తిన్నగా బానెట్టు దగ్గరికి వెళ్లాను.

"బావా, ఆగు. ఆపి పావుగంటే అయింది."

"నాకు నేర్పకు."

"వేడి తగ్గలేదు బావా. నీకు తెలీదా?"

తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. కానీ లోపల ఎన్ని నీళ్లున్నాయో నేను అప్పటికప్పుడు చూడాలి. నేను ఖాళీగా ఇచ్చినదానికంటే ఇంకా తక్కువుంటే వాడు దొరికినట్టే. అరగంట ఆగితే వాడు సర్దేస్తాడు. గుడ్డ కూడా వెయ్యలేదు. తిప్పాను.

మోచేతి నుంచి మణికట్టు దాకా. అరవలేదు. తేలు కుట్టిన దొంగ అరవడు.

మా వాడు నన్ను లాగేసి, కొట్టులోకి పరిగెత్తి, కుళాయి కింద నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు. "ఎందుకు బావా, ఎందుకు బావా" అంటున్నాడు. వాడి కళ్లలో నీళ్లు. నా కళ్లలోనూ ఉన్నాయి గానీ అవి చెయ్యి వల్ల.

అప్పుడన్నాను. కొట్టువాళ్లున్నారు, మోటారు సైకిలాయన ఉన్నాడు, టీచరమ్మగారికి వినపడే దూరంలోనే.

"రోజూ సాయంత్రం అరగంట ఏం చేస్తున్నావురా నా బండిని?"

వాడు నా చెయ్యి వదిలెయ్యలేదు. నీళ్ల కింద సరిగ్గా పట్టుకున్నాడు.

మార్చి 17, సోమవారం

నిదానం బండి విప్పాడు. నన్నూ మా వాణ్ణీ పిలిచాడు. మా ఆవిడ కూడా వచ్చింది, నా కట్టుకి ఎవరైనా తగులుతారని.

ఇంజినాయిలు మూత తీసి అడుగు చూపించాడు. పాల మీగడలా తెల్లగా ఉంది. "నూనెలో నీళ్లు కలిశాయి. హెడ్డు కింద నీళ్లు ఆపే రేకు, గ్యాస్కెట్, పోయింది. హెడ్డు వంగింది. నీళ్లు బయటికి కారవు, లోపలే కాలిపోతుంటాయి. ఇది శుక్రవారం మొదలైంది కాదు. నెలల నాటిది. ఎన్నాళ్లుగా పోస్తున్నారు?"

నేను నా కట్టు చూసుకుంటున్నాను.

"జనవరి చివర్నుంచి" అన్నాడు మా వాడు.

మా ఆవిడ వాడి వైపు తిరిగింది.

"మధ్యాహ్నం తీసుకునేటప్పుడు నిండుగా ఉండేదక్కా. సాయంత్రానికి రెండు సీసాలు తగ్గేది. బావ వంతులో తగ్గట్లేదు, నా వంతులోనే తగ్గుతోంది. నా తోలుడే బాగాలేదనుకున్నా. చెబితే మళ్లీ నా మీద..." కింద పడున్న నట్టు తీసి బల్ల మీద పెట్టాడు. "టీచరమ్మగారి గేటు పక్కన కుళాయుంది. అక్కడ నీడలో ఆపి, చల్లారేదాకా అరగంట కూర్చుని, నింపి తెచ్చేవాణ్ణి. పొద్దున బావకి తక్కువ రాకూడదని."

ఇరవై అయిదేళ్లుగా బండి తోలుతున్నాను. నా మాటలే వాడి నోట్లోంచి వస్తుంటే విన్నాను. వాడికి నిండుగా ఇచ్చింది నేను. నాకు నిండుగా ఇచ్చింది వాడు. తగ్గుతున్నది నా ఒక్కడి వంతులోనే అని నేను, వాడి ఒక్కడి వంతులోనే అని వాడు.

నిదానం నా వైపు చూశాడు. "నీ వంతులో తగ్గలేదా?"

ఒక్క మాట చాలు. నేనూ పోశాను అంటే చాలు. మా ఆవిడ చూస్తోంది. మా వాడు చూడటం లేదు.

"పొద్దున చూసేసరికి నిండుగానే ఉండేది" అన్నాను.

అబద్ధం కాదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

"చెయ్యి మండుతోంది" అని బయటికి వచ్చేశాను.

మార్చి 18

వాడు తాళం తెచ్చి మా ఆవిడకిచ్చాడు. ఆరింటికి. సరిగ్గా ఆరింటికి. బండి లేకపోయినా.

సముద్రం వైపు ఊళ్లో చేపల లారీ ఉందట. శనివారం నుంచి రమ్మన్నారట.

"తప్పు నాదేనక్కా. బావనేమీ అనకు. చెప్పి ఉంటే ఇంజిను నిలబడేది, ఆయన చెయ్యి కాలేది కాదు" అన్నాడట. నేను లోపల గదిలో పడుకుని ఉన్నాను. నిద్రపోతున్నానని ఆవిడ చెప్పింది. నేను కళ్లు మూసుకుని దాన్ని నిజం చేశాను.

మా ఆవిడ నాతో మామూలుగానే మాట్లాడుతోంది. కట్టు మారుస్తోంది. ఏమీ అడగట్లేదు. ఈవిడకి తెలుసా? తెలిస్తే ఎలా తెలుసు?

మార్చి 19, బుధవారం

వేరే బండిలో టీచరమ్మగారితో ఆసుపత్రికి వెళ్లాను. ఇరవై ఏళ్ల తర్వాత వెనక సీట్లో. కిరాయికి ఎక్కిన మనిషిలా కూర్చోవడం రాక డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా నా కాలు నేలని తొక్కుతోంది. ఆవిడ చూసింది.

మిషను గదిలో ఆవిడ మంచం పక్కన స్టూలు వేశారు. కిటికీలోంచి ఆవరణంతా కనిపిస్తోంది. గోడ పక్కన నేను మార్చి పెట్టుకున్న చోటు చెట్టు కింది చోటు కంటే ఇంకా బాగా కనిపిస్తోంది.

"అతను వెళ్లిపోతున్నాడటగా" అందావిడ.

"అవునమ్మా."

"మా కుళాయి దగ్గర కూర్చునేవాడు సాయంత్రం పూట. లోపలికి రమ్మంటే రాడు. బండి చల్లారాలమ్మా అనేవాడు. ఎందుకు నాయనా ఈ తిప్పలు, మీ బావకి చెప్పరాదా అన్నాను ఒకసారి. బావకి బండంటే ప్రాణమమ్మా, బాధపడతాడు అన్నాడు."

నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"పొద్దున నువ్వు పోసేవాడివి, సాయంత్రం అతను పోసేవాడు. రెండు నెలలు చూశాను. మీ ఇద్దరూ ఒక లెక్కకి చెరో సగం రాసుకుని ఒకళ్లది ఒకళ్లకి చూపించుకోకుండా దాచుకున్నారు. నేను తరగతిలో ఎన్నిసార్లు చూడలేదు."

"మీరు చెప్పొచ్చు కదమ్మా."

ఆవిడ నవ్వింది. ముక్కు దగ్గర ముడతలు పడేలా. "నీతో అన్నాను, నీ కారు రోజుకి ఎన్ని నీళ్లు తాగుతుందని. మామూలేనన్నావు. అతనితోనూ అన్నాను. అతనూ మామూలేనన్నాడు. ఇంక నేనేం చెప్పను?"

కాసేపటికి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోయాను.

"శుక్రవారం కూడా చూశాను" అంది కళ్లు తెరవకుండా. "మూత తీశావు, చూశావు, పెట్టేశావు. నేను ఎవరికీ చెప్పను. అది నా పని కాదు."

చెప్పనంటే నమ్మాలా. ముప్పై ఏళ్లు పిల్లల ముందు నిలబడి జవాబు తెలిసి కూడా చెప్పకుండా ఎదురుచూసిన మనిషి ఆవిడ. నాకు అదే ఎక్కువ భయంగా ఉంది.

మార్చి 20, గురువారం

కొండ సంగతి.

జనవరి ఇరవై మూడు. కొండ మీద అతిథి గృహానికి కిరాయి. నలుగురు మనుషులు, పైన సామాను. ఎక్కేటప్పుడు గొప్పలు చెబుతున్నాను, ఈ బండి పదకొండేళ్లలో ఒక్కసారి కూడా రోడ్డు మీద ఆగలేదని. అప్పుడే ముల్లు లేచింది. సగం దారిలో ఎర్రగీత మీదికి వచ్చింది. ఆపాలి. నోట్లోంచి ఆ మాట ఇంకా పూర్తిగా బయటికి రాలేదు, ఎలా ఆపను? నాలుగు కిలోమీటర్లు అలాగే తోలాను. ముల్లు మీద చెయ్యి అడ్డం పెట్టి తోలాను, ముందు సీటాయనకి కనపడకుండా.

పైన వాళ్లు దిగి ఫోటోలు తీసుకుంటుంటే, పది నిమిషాలు ఆగి, గుడ్డ వేసి మూత తీసి, కుళాయి నీళ్లు బకెట్టుతో గుమ్మరించాను. లోపల టిక్కుమంది. చిన్న చప్పుడు. చేతివేలు విరుచుకున్నట్టు. ఆ రోజు డైరీలో "కొండ ఎక్కి దిగాం, విశేషం లేదు" అని రాశాను. ఇప్పుడే వెనక్కి తిప్పి చూసుకున్నాను.

ఆ మర్నాటి నుంచే నీళ్లు తగ్గడం. నాకు తెలుసు. పొద్దున మొదటి సీసా పోసిన రోజు నుంచీ తెలుసు. తెలిసిన దాన్ని ఇంకొకడి మీద అనుమానంగా మార్చుకుంటే కాస్త నిద్ర పడుతుంది. మార్చి మూడు నుంచి ఇన్ని పేజీలు రాశాను. ఎక్కడ చూసినా నాకు అనుమానం లేదు, లేదు అనే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

మా ఆవిడకి చదివి వినిపిద్దామా? వద్దు. చదవడం అంటే పుస్తకం అడ్డం పెట్టుకున్నట్టే. నోటితో చెప్పాలి.

మార్చి 21, శుక్రవారం, పొద్దున

వాడు వాళ్లక్కతో చెప్పి వెళ్లడానికి ఎనిమిదింటికి వస్తానన్నాడు. ఏం చెప్పాలో ముందుగా రాసుకుంటున్నాను.

"ఒరేయ్, నువ్వు సముద్రం పక్కకి పోతున్నావు, అక్కడ నీళ్లకి కరువుండదు" అని మొదలుపెడదామనుకున్నాను. కొట్టేశాను. ఏ విషయం వచ్చినా ముందు నవ్విస్తాను, అందరూ నవ్వాక అసలు మాట అక్కర్లేకుండా పోతుంది. అలాగే ఇన్నేళ్లు నడిపాను.

"తప్పు ఇద్దరిదీ" అని రాశాను. అదీ కొట్టేశాను. ఇద్దరిదీ కాదు.

బండి పాడుచేసింది నేను. నువ్వు పట్టుకొచ్చిన ప్రతి సీసా నా తప్పు కడగడానికి పోసిందే. నేనూ రోజూ పోశాను, నిదానం అడిగితే నోరు మూసుకున్నాను. ఆ శుక్రవారం కావాలనే ఖాళీగా ఇచ్చాను, టీచరమ్మగారు ఎక్కుతారని తెలిసి కూడా. మీ డిపోవాళ్లు తెలియక అనుమానించారు. నేను తెలిసే అనుమానించాను. ఇంతవరకు బాగానే వచ్చింది. ఇది మీ అక్క ముందే చెప్పాలి, ఆవిడ పక్కనే ఉండాలి.

తర్వాత ఉండమని అడగాలా? అడిగే హక్కుందా నాకు? అడక్కుండా చెప్పి ఊరుకుంటే, ఉండాలో పోవాలో వాడే

గేటు చప్పుడు. వచ్చాడు. చేతి సంచీ కింద పెట్టలేదు, కిటికీలోంచి కనిపిస్తోంది. లోపలికి రానంటున్నాడు, బస్సుకి టైమయిందంటున్నాడు.

"ఏమండీ, వస్తున్నారా?"

వస్తున్నా అన్నాను. ఈ ఒక్క మాటా సరిగ్గా కుదిరితే చాలు. ఉండమని అడిగే మాట. దాన్ని ఎలా అంటే

"ఏమండీ, వాడు వెళ్లిపోతున్నాడు. రాసింది చాలు, ఇటు రండి."

వస్తున్నా. కుదిరేదాకా రాస్తూ కూర్చుంటే వాడు గేటు దా